ఫిల్ము కడిగే స్టీలు రీలు – దాని మంచిచెడ్డలు

రీలు అనగానే ఇప్పుడు మన కళాశాలలో ఎవరికి తోచిన అర్థం వాళ్ళు చెబుతారు. ఫోనులో బొటనవేలితో పైకి తోసుకుంటూ పోయే రీళ్ళు ఒకటి. లేనిపోని గొప్పలు చెప్పేవాణ్ణి ‘రీళ్ళు వదలకురా’ అంటాం, అది రెండోది. మన అమ్మానాన్నల తరంవారికైతే రీలంటే కెమెరాలో వేయించే ఫిల్ము. ఫలానావారి పెళ్ళికి ఎన్ని రీళ్ళు అయ్యాయో ఊరంతా చెప్పుకొనేవారట. నేను రాయబోయేది ఈ మూడింటిలో ఏదీ కాదు. కెమెరాలోంచి తీసిన ఫిల్మును చీకట్లో చుట్టి, డబ్బాలో దింపి, రసాయనాలతో కడగడానికి వాడే తీగ చట్రం ఒకటుంది. దాన్నీ రీలనే అంటారు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన ఆ చట్రాన్ని ఎలా గుర్తుపట్టాలి, ఉన్నవాటిలో ఏది ఎంచుకోవాలి అన్నదే ఈ వ్యాసంలో విషయం.

సావనీరు కమిటీవారు మొదట కాస్త నసిగారు. కవితలకూ కథానికలకూ చోటు చాలక అవస్థ పడుతుంటే తీగచుట్ట మీద వ్యాసమేమిటన్నారు. కారణం లేకపోలేదు. ఈ సంవత్సరం విద్యార్థి సంఘం చొరవతో ఫిజిక్సు లాబొరేటరీ వెనక ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న డార్క్‌రూమును మా ఫోటోగ్రఫీ క్లబ్బుకు తెరిచి ఇచ్చారు. పూర్వ విద్యార్థుల్లో కొందరికైనా ఆ గది గుర్తుండే ఉంటుంది. గదిలో బల్లా, సింకూ, ఎర్రదీపం, ఒక ట్రంకుపెట్టె మిగిలాయి. పెట్టెలో పాత వార్తాపత్రికల్లో చుట్టిన పదకొండు స్టీలు రీళ్ళున్నాయి. అన్నీ పైకి ఒకే తీరుగా తళతళలాడుతున్నాయి. వాటిలో ఏవి పనికొస్తాయో చెప్పేవారు లేరు. తేల్చే పని మా మేష్టారు నాకు అప్పగించారు.

ఏదో ఒకటి వాడి చూస్తే పోలా అనవచ్చు. పోదు. ఒక్క ఫిల్ము ఖరీదుతో హాస్టలు మెస్సులో దాదాపు వారం రోజులు భోజనం చెయ్యవచ్చు. ఒకప్పుడు ఊటీలో, 1960లో స్థాపించిన హిందూస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారు ‘ఇందు’ పేరుతో మన దేశంలోనే ఫిల్ము తయారుచేసేవారు. ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు మనకు దొరికేది దాదాపుగా అంతా పైదేశాల సరుకే. ఖరీదు సంగతి అలా ఉంచండి. తీసిన ఫోటో మళ్ళీ తీయడానికి వీల్లేనిదైతే? దాని సంగతి తరవాత చెబుతాను.

ముందు ఈ వస్తువు చేసే పని చూద్దాం. ముప్పయ్యారు ఫోటోల ముప్పయ్యైదు మిల్లీమీటర్ల ఫిల్ము పొడవు సుమారు 1.6 మీటర్లు. అంటే నా ఎత్తుకంటే ఎక్కువే. ఇంత పొడుగు పట్టీకి ఒక పక్కన వెలుతురు తగిలితే నల్లబడే వెండి లవణాల పూత ఉంటుంది. ఆ పూత ప్రతి అంగుళానికీ డెవలపరు సమానంగా తగలాలి. పాత స్టూడియోల్లో చాలామంది ఫిల్ము రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకొని, ట్రేలోని ద్రావణంలో ఉయ్యాలలాగా ఊపుతూ కడిగేవారు. చేతులు పడిపోయే పని అది. పైగా పని పూర్తయ్యేదాకా చీకట్లోనే ఉండాలి. రీలు ఉంటే ఫిల్మును దానిలో చుట్టేవరకే చీకటి కావాలి. డబ్బా మూత పడ్డాక దీపం వేసుకొని మిగతా పని చేసుకోవచ్చు.

రీలు ఆకారం తెలియనివారు దోమల చుట్టను తలచుకోండి. అలాంటి తీగ చుట్టలు రెండు, ఫిల్ము వెడల్పంత ఎడంతో ఎదురెదురుగా నిలబెట్టినట్టు ఉంటుంది. మధ్యలో ఇరుసు. ఇరుసు నుంచి బయటికి బండిచక్రానికి ఉన్నట్టు ఆకులు. ఆ ఆకుల మీద తీగను వెల్డింగు చేసి అతికిస్తారు. తీగ చుట్టుకూ చుట్టుకూ మధ్య ఉన్న సందే గాడి. ఫిల్ము రెండు అంచులూ రెండు పక్కలా ఆ గాడిలో కూచుంటాయి. ఒక వరస మరో వరసను తాకదు. మధ్యలో ద్రావణం ధారాళంగా తిరుగుతుంది.

చుట్టడం ఇరుసు దగ్గర మొదలుపెట్టి బయటికి రావాలి. ఫిల్మును రెండు వేళ్ళ మధ్య కొంచెం వంచి పట్టుకొంటే వెడల్పు కాస్త తగ్గి, తీగల మధ్య నుంచి దూరి, వదలగానే సాగి గాడిలో పడుతుంది. ఎక్కువ వంచితే ఫిల్ము మీద నెలవంకలాంటి నొక్కు పడి, ఫోటోలో ఆకాశం మీద అకాలపు చంద్రుడు ఉదయిస్తాడు. ప్లాస్టిక్ రీలు దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానిలో ఫిల్మును బయటి అంచు నుంచి లోపలికి తోయాలి. ఇంగ్లండువారి ప్యాటర్సన్ రీలు ఆ జాతిది. రెండు పక్కలనూ అటూ ఇటూ తిప్పుతుంటే ఫిల్ము తనంతట తాను లోపలికి పాకుతుంది. నేర్చుకోవడానికి అదే తేలిక, కాదనను.

అయినా మా క్లబ్బు స్టీలు వైపే మొగ్గడానికి కారణం మా ఊరి గాలి. విశాఖ సముద్రపు గాలిలో తేమ సంగతి ఇక్కడ చదివినవాళ్ళందరికీ ఎరుకే. ఉతికిన చొక్కా సాయంత్రానికి కూడా ఆరదు. ప్లాస్టిక్ రీలులో 1.6 మీటర్ల ఫిల్ము మొత్తం గాడి వెంట జారుకుంటూ పోవాలి. గాడిలో ఏ మూలైనా చెమ్మ ఉందంటే ఫిల్ము మీది జెలటిన్ ఉబ్బి అక్కడే అంటుకుపోతుంది. ఇక ముందుకీ పోదు, వెనక్కీ రాదు. చీకట్లో, చెమటలు కారుతూ, ఆ పెనుగులాట చూడాలి! స్టీలు రీలులో ఒకసారి గాడిలో పడిన వరస మళ్ళీ కదలదు. చుట్టే వరస ఒక్కటే కదులుతుంది. అందుచేత రీలు కాస్త తడిగా ఉన్నా పని ఆగదు. ఒక ఫిల్ము కడిగి, రీలు కడుక్కొని, తుడిచి, పావుగంటలో రెండోది చుట్టవచ్చు. మరో లాభం ద్రావణం ఖర్చు. స్టీలు డబ్బాలో ఒక చిన్న ఫిల్ముకు సుమారు 250 మిల్లీలీటర్లు సరిపోతుంది. ప్యాటర్సన్ డబ్బాకు 290 కావాలి. తేడా కొంచెమే అయినా సంవత్సరం పొడుగునా లెక్కేసుకుంటే డబ్బే గదా.

మరి స్టీలుకు దోషం లేదా అంటే ఉంది. ఒక్కటే, కానీ పెద్దది. కింద పడితే వంగుతుంది. ప్లాస్టిక్‌ది పడితే పగులుతుంది, పగిలిందని కంటికి కనిపిస్తుంది. స్టీలుది వంగిందని కనిపించదు. మా లాబ్ అటెండరు గారు, రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి, ఆ పెట్టె తెరిచిన రోజున అన్నమాట ఇది: ‘‘అమ్మాయ్, తళతళ చూసి మోసపోకు. కిందపడ్డ రీలూ, కాలు విరిగిన ఎద్దూ ఒకటే. నిలబడ్డప్పుడు బాగానే కనబడతాయి.’’

ఆ మాటతో నాకు పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది. సంతలో ఎద్దును కొనేటప్పుడు మా నాన్న పళ్ళు తరవాత చూస్తారు. ముందు నాలుగడుగులు నడిపించి చూస్తారు. అలాగే రీళ్ళను ఒక్కొక్కటిగా గాజుపలక మీద నిలబెట్టి, బండిచక్రంలా దొర్లించాను. మంచిది తిన్నగా దొర్లి ఆగుతుంది. వంగింది ఒక పక్కకు ఒరుగుతూ, వంకరగీత గీస్తుంది. మొదటి వడపోతకు ఈ ఒక్క పరీక్ష చాలు. కానీ ఇది సగం సత్యమే. బయటి చుట్టు బాగుండి లోపలి చుట్టు వంగినవి ఈ పరీక్షలో దొరకవు.

రెండోది కంటి పరీక్ష. రీలును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, ఒక కన్ను మూసి, ఇరుసు వెంబడి చూడాలి. దగ్గరి చుట్ట వెనక దూరపు చుట్ట పూర్తిగా దాగాలి. ఒకదాని తీగ కొస ఎక్కడ ఆగిందో రెండోదాని కొసా సరిగ్గా అక్కడే ఆగాలి. ఒక పక్క చుట్ట కొంచెం మెలి తిరిగి ఉంటే ఫిల్ము ఒక అంచు ఒక గాడిలోకీ, రెండో అంచు పక్క గాడిలోకీ పోతుంది. ‘గాడి తప్పింది’ అని మనం మనుషుల గురించి అనే మాట ఫిల్ము విషయంలో అక్షరాలా నిజం. గాడి తప్పిన ఫిల్ము పక్క వరసకు అతుక్కుంటుంది. అతుక్కున్నచోట డెవలపరు చేరదు, హైపో కూడా చేరదు. బయటికి తీసి చూస్తే అక్కడ మీగడ రంగు మచ్చ. ఆ మచ్చను మళ్ళీ హైపోలో వేసి పోగొట్టవచ్చు, కానీ దాని కింద రావలసిన ఫోటో మాత్రం రాదు.

మూడో పరీక్షకు మా లాబులోని వెర్నియర్ కాలిపర్స్ వాడాను. మొదటి సంవత్సరంలో సిలిండరు వ్యాసం కొలిచి, రికార్డు రాసి, మళ్ళీ ముట్టుకోని పరికరం ఇలా అక్కరకొచ్చింది. ఎదురెదురు ఆకుల మధ్య ఎడాన్ని లోపలి దవడలతో నాలుగుచోట్ల కొలవాలి. ముప్పయ్యైదు మిల్లీమీటర్ల ఫిల్ముకు ఈ ఎడం 35 కన్నా రవ్వంత ఎక్కువ ఉండాలి. ఎంతన్నదానికంటే నాలుగుచోట్లా సమానంగా ఉందా అన్నదే ముఖ్యం. మా మంచి రీళ్ళలో నాలుగు కొలతల మధ్య తేడా 0.2 మిల్లీమీటర్లు దాటలేదు. వంగినవాటిలో ఒకచోటికీ మరోచోటికీ ఒకటిన్నర మిల్లీమీటర్లకు పైగా తేడా తేలింది. వీటిని శ్రావణంతో సరిచేద్దామని మా క్లబ్బులో ఒకరిద్దరు ఉబలాటపడ్డారు. ఒకచోట లాగితే మరోచోట వంగుతుంది. ఇలాంటివి తీసి పక్కన పెట్టడమే మేలు.

ఇక రీలు ఏ ఫిల్ముకు చేసిందో గుర్తించడం. ఎత్తు చూస్తే సగం తెలిసిపోతుంది. మూడున్నర సెంటీమీటర్ల ఎడం ఉన్నది మామూలు చిన్న ఫిల్ముది. ఆరు సెంటీమీటర్లు పైబడి ఉన్నది 120 నంబరు ఫిల్ముది. పాత స్టూడియోల పెద్ద కెమెరాల్లో వేసేది అదే. కానీ ఒకే ఎత్తు రీళ్ళలో కూడా రకాలున్నాయి. ఇది చాలామందికి తెలియదు. ముప్పయ్యారు ఫోటోల ఫిల్ముకు ఒక రీలు, ఇరవై ఫోటోల పొట్టి ఫిల్ముకు వేరే రీలు చేసేవారు. బయటి కొలత ఒకటే, చుట్ల సంఖ్యలోనే తేడా.

ఎన్ని చుట్లుండాలో లెక్క కట్టవచ్చు. గణితమంటే గిట్టనివారు ఈ పేరా దాటెయ్యండి, నష్టం లేదు. ఫిల్ము పొడవును గాడి ఎడంతో గుణిస్తే వచ్చేది, అది ఆక్రమించే వలయం వైశాల్యం. నేను కొలిచిన రీలులో చుట్టలు ఇరుసు నుంచి 15 మిల్లీమీటర్ల దూరంలో మొదలై 40 దగ్గర ముగిశాయి. 40 వర్గంలోంచి 15 వర్గం తీసేస్తే 1375. దాన్ని 3.14తో గుణిస్తే సుమారు 4320 చదరపు మిల్లీమీటర్లు. దీన్ని 1600తో భాగిస్తే గాడి ఎడం 2.7 మిల్లీమీటర్లు. అంటే 25 మిల్లీమీటర్ల మేరలో తొమ్మిది చుట్లు. పొట్టి ఫిల్ము పొడవు సుమారు ఒక మీటరు. దానికి గాడి ఎడం 4.3, చుట్లు ఆరు. ఫిల్ము మందం 0.13 మిల్లీమీటర్లు మాత్రమే కనక మిగతా సందంతా ద్రావణానిదే. కాబట్టి ఇంత లెక్క చెయ్యకుండా వేలితో చుట్లు లెక్కపెట్టుకోండి. తొమ్మిదో పదో ఉంటే ముప్పయ్యారుది. ఆరు ఉంటే ఇరవైది. మా పెట్టెలో ఆరు చుట్లవి రెండు బయటపడ్డాయి. వాటిలో పెద్ద ఫిల్ము చుట్టి ఉంటే చివరి అరవై సెంటీమీటర్లు, అంటే పద్నాలుగైదు ఫోటోలు, గాల్లో వేలాడేవి.

లోహం సంగతికి వద్దాం. మనవాళ్ళకు స్టీలు పరిచయం చెయ్యనక్కరలేదు. పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆవిడ వీధిలోకి వస్తే మా నాయనమ్మ గిన్నెను గోటితో మోగించి బేరం మొదలుపెట్టేది. ఇనుములో కనీసం పదిన్నర శాతం క్రోమియం కలిస్తే, ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కూడి, లోహం పైన కంటికి కనపడనంత పలుచని పొరగా ఏర్పడుతుంది. గీత పడినా ఆ పొర మళ్ళీ తనంతట తానే కట్టుకుంటుంది. తుప్పు పట్టకపోవడంలో రహస్యం ఇదే. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో ఇలాంటి ఉక్కును తయారుచేశాడు. జర్మనీలో క్రుప్ కంపెనీవారు అంతకు ముందు ఏడాదే క్రోమియంతోపాటు నికెల్ కలిపిన రకానికి పేటెంటు తీసుకున్నారు. మన వంటింట్లో మంచి గిన్నెలకు వాడే 304 రకంలో క్రోమియం సుమారు 18 శాతం, నికెల్ సుమారు 8 శాతం ఉంటాయి.

రీళ్ళు అసలు స్టీలో, పూత పూసినవో తేల్చడానికి అయస్కాంతం పెట్టి చూద్దామని మా స్నేహితురాలు సలహా ఇచ్చింది. సంతలో అందరూ చేసే పరీక్షే. అంటుకోకపోతే అసలు స్టీలు, అంటుకుంటే నకిలీ అంటారు. రీళ్ళ విషయంలో ఈ పరీక్షను నమ్మవద్దని గట్టిగా చెబుతాను. 304 రకం మామూలుగా అయస్కాంతానికి అంటదు, నిజమే. కానీ దాన్ని చల్లగా ఉండగానే సన్నటి రంధ్రంగుండా లాగి తీగ తీసినప్పుడు లోపలి స్ఫటికాల అమరిక కొంత మారి, కొంచెం అయస్కాంత గుణం వస్తుంది. మేం పెట్టి చూస్తే పేరున్న మంచి రీలు కూడా అయస్కాంతాన్ని నెమ్మదిగా లాగింది. అంతేకాదు, నికెల్ లేని స్టెయిన్‌లెస్ రకాలు కొన్ని అయస్కాంతానికి గట్టిగానే అంటుకుంటాయి, అయినా తుప్పు పట్టవు. ఇండక్షన్ పొయ్యి మీద పెట్టే స్టీలు గిన్నె అడుగుకు అయస్కాంతం అంటుకోవలసిందే గదా. ఈ పరీక్షను నమ్మి మంచి రీలు పారేసుకోవద్దు.

పూతను పట్టుకోవడానికి వేరే దారి ఉంది. తీగ కొసలూ, డబ్బా గోడకు ఒరుసుకునే బయటి చుట్టూ చూడండి. పూత అక్కడే ముందు అరుగుతుంది. మా వాటిలో ఒకదానికి ఆ చోట పసుపుపచ్చగా ఇత్తడి తొంగిచూసింది. అసలు స్టీలు ఎంత అరిగినా లోపలా బయటా ఒకటే రంగు.

మరొకదానికి ఆకుల మీద, సరిగ్గా వెల్డింగు చుక్కల దగ్గరే తుప్పు చుక్కలు కనిపించాయి. మిగతా తీగ అంతా శుభ్రంగా ఉంది. స్టీలుకు తుప్పేమిటని మొదట ఆశ్చర్యం వేసింది. మా కెమిస్ట్రీ మేడంగారు వివరించారు. వెల్డింగు వేడికి స్టీలులోని కార్బన్ పక్కనున్న క్రోమియంతో కలిసిపోవచ్చు. అప్పుడు ఆ చోట రక్షకపొర కట్టడానికి కావలసినంత క్రోమియం మిగలదు. దానికి ఉప్పు తోడైతే చెప్పనక్కరలేదు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను గుచ్చి గుంటలు చేస్తుంది. మన అమ్మమ్మలు కెమిస్ట్రీ చదవకపోయినా ఆవకాయను జాడీలో పెట్టారే గాని స్టీలు డబ్బాలో పెట్టలేదు. కాబట్టి రీళ్ళను రాత్రంతా హైపోలోనో, ఉప్పునీటిలోనో నానబెట్టి వదిలెయ్యకూడదు. మంచినీళ్ళతో కడిగి, తుడిచి, ఆరబెట్టి దాచాలి. సముద్రం ఇంత దగ్గర ఉన్నచోట మరీను.

ఇంకో చిన్న పరీక్ష నా సొంతం. గుప్పెడు దూది తీసుకొని తీగల మీద మెల్లగా జరపండి. ఎక్కడైనా దూదిపోగు చిక్కుకుంటే అక్కడ ముల్లులాంటి పదును ఉన్నట్టు. వేలికి తెలియని ముల్లు దూదికి తెలుస్తుంది. ఆ ముల్లే ఫిల్ము మీద పొడుగ్గా గీత గీస్తుంది.

కొనేటప్పుడు ఇరుసును తప్పక చూడాలి. ఫిల్ము మొదటి కొసను పట్టుకొనే ఏర్పాటు అక్కడే ఉంటుంది. చాలా రీళ్ళకు స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. దానిలో ఫిల్మును సరిగ్గా మధ్యలో దూర్చాలి. చీకట్లో ఒక పక్కకు జరిగిందంటే మొదటి చుట్టులోనే వంకర మొదలై, ఆ వంకర చివరిదాకా పోతుంది. ఇంగ్లండులో తయారైన హ్యూస్ రీళ్ళలో క్లిప్పుకు బదులు రెండు చిన్న కొక్కేలుంటాయి. ఫిల్ము అంచుల్లో ఉండే రంధ్రాల్లో ఒక్కో కొక్కెం దూరుతుంది. రెండు పక్కలా దూరిందంటే ఫిల్ము మధ్యలో ఉన్నట్టే, వేళ్ళకు తెలిసిపోతుంది. తీగ కూడా లావు, అంచేత గాడి లోతు. కొత్తగా నేర్చుకొనేవారికి నా ఓటు దీనికే. 120 ఫిల్ముకు రంధ్రాలుండవు గనక దానికి క్లిప్పే గతి.

అమెరికావారి నికోర్ రీళ్ళు పాతవి మనదేశంలోనూ అక్కడక్కడా దొరుకుతాయి. ఈ నికోర్‌కూ నికాన్ కంపెనీవారి నిక్కోర్ కటకాలకూ సంబంధం లేదు. పేరు చూసి ఎక్కువ ధర చెప్పే వ్యాపారులుంటారు, జాగ్రత్త. జర్మనీవారి కిండర్‌మాన్ కూడా పేరున్నదే. అయితే పేరు కన్నా నడకే ముఖ్యం. మా పెట్టెలో ఏ పేరూ లేని రీలొకటి వెర్నియర్ కింద పేరున్నవాటికి ఏమాత్రం తీసిపోలేదు. పేరున్నదొకటి వంగి పనికిరాకుండా పోయింది.

ఇప్పుడు మొదట్లో వాయిదా వేసిన సంగతి. విజయనగరం జిల్లాలో మా ఊరి పక్కనుంచి బైపాసు రోడ్డు పడింది. అందులో మా మూడెకరాల పొలం పోయింది. వరి కోత అయిపోయాక ట్రాక్టర్లు దిగుతాయని తెలిసి, సంక్రాంతి సెలవుల్లో క్లబ్బు కెమెరా పట్టుకెళ్ళి ఒక పూర్తి ఫిల్ము తీశాను. గట్టు మీది తాటిచెట్లు, మోటారు షెడ్డు, అమ్మా నాన్నా పనలు మోస్తుండగా, నాయనమ్మ చివరి పరిగె ఏరుతుండగా. ఫోనుతో తియ్యవచ్చుగా అంటారు. తీశాను కూడా. కానీ చేతికి అందే నెగటివు ఒకటి ఇంట్లో ఉండాలని నాయనమ్మ పట్టుబట్టింది. ‘‘ఫోను పోతే పొలం మళ్ళీ పోతుందే’’ అంది. ఇప్పుడక్కడ తారురోడ్డుంది. ఆ ముప్పయ్యారూ తిరిగి తీయడానికి లేదు. ఆ ఫిల్ము ఈ పెట్టెలోని ఏదో ఒక రీలులో చుట్టవలసి ఉన్నప్పుడు వెర్నియరూ, దూదీ, గాజుపలకా పట్టుకొని నేను వారం రోజులు కూచున్నానంటే విచిత్రమేమీ లేదు.

లెక్క తేలిందిది. పదకొండింటిలో రెండు 120 ఫిల్మువి, వాటిలో ఒకటే మంచిది. రెండు ఆరు చుట్లవి. మిగిలిన ఏడింటిలో ఒకటి ఇత్తడి మీద పూత, రెండు వంగినవి, ఒకటి వెల్డింగు దగ్గర తుప్పుది. మంచివి మూడు: కొక్కేల హ్యూస్ ఒకటి, నికోర్ ఒకటి, పేరులేనిది ఒకటి.

ఎంచుకున్న తరవాత కూడా వెంటనే అసలు ఫిల్ము చుట్టకూడదు. పాడైన ఫిల్ము ఒకటి సంపాదించి, ముందు పట్టపగలు కళ్ళతో చూస్తూ పదిసార్లు చుట్టండి. తరవాత కళ్ళు మూసుకొని పది. తరవాత చీకటి గదిలో పది. సరిగా పడుతున్నప్పుడు ఫిల్ము గాడిలో సన్నగా రాసుకొనే చప్పుడు వస్తుంది. ప్రతి రెండు చుట్లకూ ఫిల్మును రవ్వంత వెనక్కూ ముందుకూ కదిపి చూస్తే స్వేచ్ఛగా కదలాలి. కదలకపోతే గాడి తప్పినట్టే. బలవంతం చెయ్యకుండా రెండు చుట్లు విప్పి మళ్ళీ చుట్టుకోవాలి. ఎర్రదీపం ఉంది గదా అని వేసుకొనేరు! అది ప్రింటు కాగితానికే. మామూలు నలుపు తెలుపు ఫిల్ము ఎరుపు వెలుగును కూడా చూస్తుంది. నిఖార్సైన చీకటి కావాలి.

నా ఫిల్మును హ్యూస్‌లో చుట్టాను. ముప్పయ్యారూ మచ్చ లేకుండా వచ్చాయి. పదకొండోదానిలో మాత్రం నాయనమ్మ కళ్ళు మూసుకొంది, దానికి ఏ రీలూ ఏమీ చెయ్యలేదు.

వంగిన రెంటినీ పారెయ్యలేదు. వాటికి ఎర్రదారం కట్టి గోడకు తగిలించాం, మంచిదానికీ చెడ్డదానికీ తేడా కొత్తవాళ్ళు చేత్తో పట్టుకొని చూడాలని. మంచివాటిని ఒకదాని మీద ఒకటి పెట్టకుండా, వేరువేరు గుడ్డసంచుల్లో వేసి కింది అరలో ఉంచాం. కింది అర ఎందుకంటే, పడినా ఎక్కువ ఎత్తు నుంచి పడవు. డార్క్‌రూము తాళం ఫిజిక్సు లాబ్ అటెండరు గారి దగ్గర ఉంటుంది. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకూ ఎవరైనా రావచ్చు. పాడైన ఫిల్ము ముక్కలు మా దగ్గరే ఉన్నాయి, తెచ్చుకోనక్కరలేదు.